మందుల రిజిస్టర్లో ఏ కోడు రాసుకోవాలి? పిన్, డిజిపిన్, ప్లస్ కోడ్, మూడు మాటలు

పర్లాకిమిడి మందుల షాపు (ప్రశ్న)

నమస్కారమండీ. పర్లాకిమిడిలో మాకు మందుల షాపు ఉంది. నాన్నగారు పోయాక తొమ్మిదేళ్లుగా నేనూ మా తమ్ముడూ చూసుకుంటున్నాం. కౌంటరు మీద అమ్మకంతో పాటు చుట్టూ కొండల్లో ఉన్న ఊళ్లకు, గూడేలకు నెలనెలా మందులు పంపుతాం. బీపీ, షుగరు, ఫిట్స్ మాత్రలు, ఇన్సులిన్. ఇద్దరు కుర్రాళ్లు, రెండు బళ్లు. రిజిస్టర్లో ఇప్పుడు 214 ఇళ్లున్నాయి.

పోయిన శ్రావణంలో ఒక పొరపాటు జరిగింది. ఒకే పేరున్న ఊళ్లు రెండు. రెండింటికీ పిన్ కోడ్ ఒకటే. ఎప్పుడూ వెళ్లే కుర్రాడికి జ్వరం వచ్చి కొత్తవాణ్ణి పంపాను. వాడు ఫోన్లో ఊరి పేరూ పిన్నూ కొడితే మ్యాపు మీద చుక్క పడింది. ఆ చుక్క పట్టుకుని పోతే ఊరే లేదు, కొండవాలులో జీడిమామిడి తోట ఉంది. అక్కడెవరినో అడిగితే రెండో ఊరికి దారి చూపించారు. పొద్దున్న పదింటికి బయల్దేరిన ఇన్సులిన్ డబ్బా సాయంత్రం ఐదున్నరకు తిరిగి షాపుకే వచ్చింది. ఐసు పేకెట్లు నీళ్లయిపోయాయి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాల్సిన డబ్బాలో థర్మామీటరు 19 చూపించింది. అవతల ఆ పెద్దాయన కూతురు రోడ్డు మొదట్లో చింతచెట్టు కింద మధ్యాహ్నం దాకా నిలబడే ఉందట. ఆ రాత్రి తమ్ముడి బండెక్కి వేరే డబ్బాతో నేనే వెళ్లాను. ఆయనకేం కాలేదు. ఆ అమ్మాయి నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

మా దగ్గర అడ్రసు అంటే ఎలా ఉంటుందో మీకు తెలియాలి. టౌన్లో మేం కుమ్మరి వీధి అన్నదాన్ని ఒడియా వాళ్లు కుంభార సాహి అంటారు. కొండ మీదకు వెళ్తే వీధీ లేదు, సాహీ లేదు. పిన్ చూద్దామంటే మాది 761200. బండి మీద పది నిమిషాల్లో ఆంధ్రాలో పాతపట్నం వస్తుంది, దాని పిన్ 532213. పక్కపక్క ఊళ్లని ఆ అంకెలు చూస్తే ఎవరూ అనుకోరు. కొండల్లో ఒకదానికొకటి ఇరవై కిలోమీటర్ల దూరాన ఉన్న గూడేలకు మాత్రం ఒకే పిన్ ఉంటుంది.

ఇంటింటికీ ఒక కోడు రాసుకుందామనుకుంటున్నాను. ఒకరు గూగుల్ ప్లస్ కోడ్ అంటున్నారు, ఒకరు వాట్3వర్డ్స్ వాళ్ల మూడు మాటలు, ఒకరు మ్యాప్‌మైఇండియా ఆరక్షరాల పిన్, ఇంకొకరు తపాలా శాఖ కొత్తగా తెచ్చిన డిజిపిన్ అంటున్నారు. నా టెన్షన్ ఒకటే. 214 ఇళ్లూ తిరిగి రాసుకున్నాక, రేపెప్పుడో ఆ కంపెనీ డబ్బులడిగినా, మూతపడినా నా రిజిస్టరు పనికిరాకుండా పోకూడదు. కొండ మీద సిగ్నలు ఉండదు. మా కుర్రాళ్లలో ఒకడు ఒడియా, ఒకడు తెలుగు చదువుతారు. ఇంగ్లీషు అక్షరాలు ఇద్దరికీ వచ్చు. ఏది మంచిది?

---

కాశీనగరం రైడర్

అక్కా, వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపమంటే అయిపోతుంది కదా. మేం అలాగే చేస్తాం.

పర్లాకిమిడి మందుల షాపు

టౌన్లో నేనూ అదే చేస్తున్నాను తమ్ముడూ. ఘాటీ ఎక్కాక సిగ్నలుండదు. సగం ఇళ్లల్లో ఉన్నవి బటన్ ఫోన్లే.

---

బరంపురం మ్యాపులు

అక్కా, నేను రాయగడ వాణ్ణి, ఉద్యోగం బరంపురంలో. అందరూ కలిసి ఉచితంగా గీసుకునే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆదివారాలు మన ఊళ్లూ దారులూ ఎక్కిస్తుంటాను. మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట "నా రిజిస్టరు పనికిరాకుండా పోకూడదు" అన్నది. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

కోడ్లలో రెండు జాతులున్నాయి. ఒకటి లెక్కగట్టే కోడు. మీరు నిలబడ్డ చోటి అక్షాంశం, రేఖాంశం తెలిస్తే చాలు, కోడు లెక్క కట్టొచ్చు. కోడుంటే తిరిగి చోటు కనుక్కోవచ్చు. ఓపికుంటే కాగితం మీదైనా చెయ్యొచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. రెండోది అడిగి తెలుసుకునే కోడు. ఏ కోడు ఏ ఇంటిదో ఒక పెద్ద పట్టికలో ఉంటుంది. ఆ పట్టిక ఎవరి చేతిలో ఉంటే తాళం వాళ్ల చేతిలో ఉన్నట్టే.

రెండో జాతికి ఐర్లండు మంచి ఉదాహరణ. 2015లో వాళ్లు ఎయిర్‌కోడ్ అని ఇంటికో ఏడక్షరాల కోడు ఇచ్చారు. చివరి నాలుగక్షరాలకు వరసంటూ ఏమీ ఉండదు. పక్కింటి కోడు చూసి మీ ఇంటి కోడు ఊహించలేరు. తెలుసుకోవాలంటే ఆ డేటాబేసే దిక్కు, దానికి లైసెన్సు కొనాలి. బ్రిటన్లో అడ్రసుల పట్టిక రాయల్ మెయిల్ సొత్తు. 2009లో ఇద్దరు కుర్రాళ్లు పోస్ట్‌కోడ్ ఇస్తే చోటు చెప్పే సైటు ఉచితంగా నడిపారు. ఉద్యోగాల సమాచారం చూపే సైటొకటి, మీ వీధిలో ఏ కట్టడానికి అనుమతి అడిగారో చెప్పే సైటొకటి దాని మీదే ఆధారపడ్డాయి. రాయల్ మెయిల్ లాయర్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, సైటు మూతపడింది. జనం గట్టిగా అడిగాక 2010 ఏప్రిల్‌లో అక్కడి సర్వే సంస్థ పోస్ట్‌కోడ్ల స్థానాలను అందరికీ విడుదల చేసింది. ఇంటింటి అడ్రసుల పట్టిక మాత్రం 2013లో రాయల్ మెయిల్‌ని ప్రైవేటు చేసినప్పుడు దానితోపాటే వెళ్లిపోయింది. జనం పన్నులతో తయారైన పట్టిక అది. చదివిన ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది.

మనం ఆ విషయంలో కొంచెం అదృష్టవంతులం. మన పిన్ కోడ్ల జాబితా ప్రభుత్వ ఓపెన్ డేటా సైట్లో ఉంది, పిన్‌ల సరిహద్దులు కూడా పెట్టారు, ఎవరైనా దించుకోవచ్చు. మీ కుర్రాడి చుక్క తోటలో పడింది పిన్ తప్పయి కాదు. ఊరు దొరక్కపోతే చాలా యాప్‌లు ఆ పిన్ పరిధి మొత్తానికి మధ్యలో ఎక్కడో చుక్క పెట్టేస్తాయి. చూసేవాళ్లకది ఇల్లులాగే కనిపిస్తుంది.

మీరడిగిన నాలుగింటికి వస్తాను.

ప్లస్ కోడ్ లెక్కగట్టేదే. 2014లో గూగుల్ వాళ్లు తెచ్చారు, ప్రోగ్రాము బహిరంగంగా పెట్టారు. రేపు గూగులే దాన్ని వదిలేసినా లెక్క మన దగ్గరే ఉంటుంది. 20 గుర్తులు వాడతారు, అచ్చులు లేవు, సున్నా ఒకటీ కూడా లేవు కాబట్టి ఓ అక్షరమా సున్నానా అన్న తికమక రాదు. పది గుర్తుల కోడు మన దగ్గర నేల మీద సుమారు 14 మీటర్లకు 13 మీటర్ల గడిని చూపిస్తుంది. కొండ మీద విడివిడి ఇళ్లకు సరిపోతుంది. ఒకదాన్నొకటి ఆనుకున్న వరస ఇళ్లకు చాలదు. పర్లాకిమిడి, పాతపట్నం రెండూ 7ఎంసీ6తోనే మొదలవుతాయి. రాష్ట్రం మారితే పిన్ 7 నుంచి 5కి మారుతుంది, ఈ గడులకు ఆ సరిహద్దుతో పనిలేదు.

డిజిపిన్ కూడా లెక్కగట్టేదే. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్ఆర్ఎస్సీతో కలిసి తపాలా శాఖ తయారుచేసి 2025 మే 27న విడుదల చేసింది. దేశం మొత్తాన్నీ పట్టేలా 36 డిగ్రీల చదరం తీసుకుని, దాన్ని నాలుగు వరసలు నాలుగు నిలువులుగా 16 గడులు చేస్తారు. ఒక్కో గడిని మళ్లీ 16, అలా పదిసార్లు. చివరికి మిగిలే గడి పక్కకు నాలుగు మీటర్లలోపే. ప్రోగ్రాములు బహిరంగంగా పెట్టే గిట్‌హబ్ సైట్లో దీని ప్రోగ్రామూ ఉంది. మీ టౌను 5సీఎల్‌తో మొదలవుతుంది. ఉత్తరంగా కొద్ది కిలోమీటర్లు కొండల వైపు వెళ్తే మూడో అక్షరం మారి 5సీకే అవుతుంది. కంగారు పడొద్దు, గడి గీత దాటారంతే.

మూడు మాటల పద్ధతి లండన్ కంపెనీది, 2013 నాటిది. మూడు మీటర్ల గడికి మూడు మాటలు. వాడి చూసిన ఎవరికైనా నచ్చుతుంది, కాదనను. కానీ ఏ గడికి ఏ మాటలన్నది వాళ్ల సొత్తు. దాన్ని స్వేచ్ఛగా వాడుకునేలా వేరేవాళ్లు రాసిన ప్రోగ్రామును కాపీరైటు చూపించి తీయించారు. మ్యాప్‌మైఇండియా ఆరక్షరాలకూ అర్థం వాళ్ల పట్టికలోనే ఉంటుంది. మీకున్న భయానికి ఈ రెండూ సరిపడవు.

నన్నడిగితే డిజిపిన్ రాసుకోండి. అంతకన్నా ముఖ్యంగా రిజిస్టర్లో పక్కన ఇంకో గడి గీసి అక్షాంశం, రేఖాంశం దశాంశం తర్వాత ఐదంకెల దాకా రాయండి. ఐదో అంకె అంటే సుమారు ఒక మీటరు. ఆ రెండు సంఖ్యలుంటే ఏ కోడు వచ్చినా ఏ కోడు పోయినా మీ రిజిస్టరు బతికే ఉంటుంది. నెట్ లేకుండా ఫోన్లోనే డిజిపిన్ చూపించే చిన్న పేజీ ఒకటి రాసుకున్నాను, మీకు పంపుతాను.

ఒక జాగ్రత్త. ఊళ్ల పేర్లు, దారులు, బావులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెడదాం, అందరికీ పనికొస్తాయి. ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బో మీ రిజిస్టరు దాటకూడదు.

---

ప్రాణహిత గట్టు, సిరొంచ

అక్కా, నేను గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి. మాదీ మీ కథే. మా పిన్ 4తో మొదలైతది, గోదావరి దాటి కాళేశ్వరం పోతే 5. ఇంట్ల తెలుగు, ఆఫీసుల మరాఠీ. నేను పశువుల డాక్టరు దగ్గర పనిచేస్తా, టీకాల కోసం ఊరూరా తిరుగుతా.

బరంపురం అన్న చెప్పింది సత్యమే. కానీ మూడు మాటల గురించి ఒక మాట చెప్పాలె. అక్షరాలు ఫోన్ల చెప్పుడు మస్తు కష్టం. మా అమ్మకు పీ, టీ, సీ మూడూ ఒక్కతీరే వినపడతయి. అదే తెలుగు మాటలు చెప్తే తిరిగి అప్పజెప్తది. మూడు మాటలు తెలుగుల కూడా ఉన్నయి, నేను కొన్ని రోజులు వాడిన. రెండు చోట్ల దెబ్బ తగిలింది. తెలుగు మాటలకు మరాఠీ మాటలు అనువాదం కాదు, ఒక్కో భాషకు వేరే వేరే మాటలు. మా సారు ఫోన్ల మరాఠీ ఉంటే నేను చెప్పిన తెలుగు మాటలు ఆయన మరాఠీల తిప్పుకుంటే చోటు దొరకది. రెండోది, ఒక మాట చివర దీర్ఘం తప్పిపోతే అసలు సంబంధమే లేని చోటు చూపించింది. అంత దూరం చూపిస్తే తప్పని తెలిసిపోతది, అది మంచిదే. కానీ సరైన చోటు ఏ దిక్కున్నదో తెల్వదు. గడుల కోడుల చివరి అక్షరం తప్పితే దగ్గర్లనే ఇంకో గడి వస్తది, కేకేస్తే పలుకుతరు.

ప్లస్ కోడ్ వాడేటోళ్లకు ఇంకోటి. మా సిరొంచ నుంచి తూర్పుకు కొద్ది దూరం పోతే 80 డిగ్రీల రేఖ తగులుతది. అక్కడ మొదటి నాలుగు గుర్తులు 7జేసీఎక్స్ నుంచి 7ఎంసీ2కి దుంకుతయి. యాప్‌ల ఊరి పేరు పెట్టి పొట్టిగ చూపిస్తరు కదా, అది రాసుకోవద్దు. ఊరి పేరు స్పెల్లింగు మారితే అంతే సంగతులు. నిండు కోడే రాయాలె.

---

రిటైర్డ్ బీపీఎం, గుణుపురం దగ్గర

అమ్మా, నేను ముప్పై నాలుగేళ్లు బ్రాంచి పోస్టుమాస్టరుగా చేశాను. పిన్ కోడ్ మీద మీకు కోపం వచ్చినట్టుంది, అందుకని రాస్తున్నాను.

పిన్ ఇల్లు చూపించడానికి పుట్టింది కాదు. 1972 ఆగస్టు 15న వచ్చింది. శ్రీరాం భికాజీ వేలంకర్ గారు రూపొందించారు. అప్పటికి ఒకే పేరున్న ఊళ్లు, రకరకాల లిపుల్లో రాసిన అడ్రసులు సార్టింగులో ప్రాణం తీసేవి. మొదటి అంకె ప్రాంతం, మొదటి మూడూ కలిపి సార్టింగు జిల్లా, చివరి మూడు బట్వాడా చేసే పోస్టాఫీసు. సంచి ఎక్కడికి చేరాలో చెబితే దాని పని అయిపోయినట్టే. దేశంలో లక్షన్నరకు పైగా పోస్టాఫీసులుంటే పిన్‌లు 19 వేల పైచిలుకు. మా బ్రాంచాఫీసులకు సొంత పిన్ ఉండదు, పైన ఉన్న ఆఫీసుదే మాకూనూ. అక్కణ్ణుంచి ఇంటికి చేర్చేది మనిషి జ్ఞాపకమే. నా సంచిలో వచ్చే ఉత్తరాల మీద ఒకే గూడెం పేరు నాలుగు రకాలుగా ఉండేది. సవరలు పలికేది ఒకటి, ఒడియాలో రాసేది ఒకటి, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఇంకొకటి. గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలోనే ఉండి సవర నేర్చుకుని దానికి నిఘంటువు కట్టారు. ఆ చెవి మా అందరికీ ఉంటే ఊళ్ల పేర్లు ఇంత పాడయ్యేవి కావు.

అందుచేత డిజిపిన్ రాసుకోండి, పిన్ తీసెయ్యకండి. పార్సిలు పోస్టులో వేస్తే పిన్నే కావాలి. ఆ రెండింటితో పాటు ఊరివాళ్లు పలికే పేరు వాళ్ల నోట విని, విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసుకోండి. దారిలో అడగాల్సి వస్తే కోడు చెబితే ఎవరికీ తెలియదు, పేరు చెబితే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు.

---

పర్లాకిమిడి మందుల షాపు (మూడు వారాల తర్వాత)

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. బరంపురం తమ్ముడు పేజీ పంపాడు. మాస్టారు చెప్పినట్టు ఊరి పేరు వాళ్ల నోట విని రాస్తున్నాను. రిజిస్టరు కొత్తగా గీశాను: పేరు, ఊరు పలికినట్టు, పిన్, డిజిపిన్, అక్షాంశం రేఖాంశం, గుర్తు. ఇప్పటికి 83 ఇళ్లయ్యాయి. కుర్రాళ్లతో పాటు ఐదు రోజులు నేనూ తిరిగాను.

చేస్తుంటే తెలిసినవి చెప్తాను. మామిడిచెట్టు కింద, రేకుల ఇంట్లో నిలబడి తీస్తే అంకెలు గంతులేస్తున్నాయి. ఒకింట్లో మూడుసార్లు తీస్తే మూడు కోడ్లు వచ్చాయి. వాకిట్లోకి వచ్చి ఫోను కదపకుండా రెండు మూడు నిమిషాలు పట్టుకుంటే ఐదు మీటర్ల దాకా నిలకడగా వస్తోంది. అందుకని కోడు ఎప్పుడూ వాకిలిదే రాయాలని నియమం పెట్టుకున్నాం.

సిరొంచ తమ్ముడూ, నీ మాట నిజం. మొదటి రోజే కొండ దిగువనున్న కుర్రాడికి ఫోన్లో కోడు చదివితే పీని టీగా రాసుకున్నాడు. ఆ రాత్రి కూర్చుని చూస్తే డిజిపిన్‌లో అక్షరాలు మొత్తం ఎనిమిదే ఉన్నాయి, మిగతావి అంకెలు. ఎనిమిదింటికీ ఎనిమిది మాటలు కట్టాం. సీకి చింత, ఎఫ్‌కి ఫ్యాను, జేకి జామ, కేకి కొబ్బరి, ఎల్‌కి లవంగం, ఎంకి మామిడి, పీకి పనస, టీకి టమాటా. ఇప్పుడు ఫోన్లో "ఐదు చింత కొబ్బరి" అంటే కుర్రాడు 5సీకే అని రాసుకుంటున్నాడు. ఒడియా కుర్రాడు జామని పిజుళి అంటాడు, వాడికి ఆ ఒక్కటీ బట్టీ పట్టించాను. ఇళ్లల్లో ఇచ్చే మందుల కార్డు వెనక కోడును ఈ మాటల్లోనే పెద్దక్షరాలతో రాసిస్తున్నాను.

నేను రాసిన ఆ పెద్దాయన ఇంటికి మొన్న కొత్త కుర్రాడినే పంపాను, కావాలనే. మనసు మనసులో లేదు. నెట్ ఆపేసి, కోడు కొట్టుకుని వెళ్లమన్నాను. పదకొండున్నరకు డబ్బా చేతికిచ్చాడు, థర్మామీటరు 6 దగ్గర ఉంది. ఆ అమ్మాయి కార్డు వెనక్కి తిప్పి చూసి, కోడు కింద చింతచెట్టు అని కూడా రాయమందట. వాడు రాసిచ్చి వచ్చాడు. నేనూ రిజిస్టర్లో గుర్తు దగ్గర అదే రాశాను.

ఒక సందేహం మిగిలింది. పంట కోతకొచ్చే రెండు నెలలూ కొందరు ఇళ్లు వదిలి పోడు చేలల్లో గుడిసెల్లో ఉంటారు. వాళ్లకి ప్రస్తుతానికి రెండు కోడ్లు రాసి పక్కన నెలలు వేశాను. ఇంతకన్నా మంచి పద్ధతి ఎవరైనా వాడుతుంటే చెప్పండి. బరంపురం తమ్ముడూ, ఆ పేజీలో అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చెయ్యగలవా? ఎండలో కనబడడం లేదు.